కూడిక గుర్తు

గ్రోనింగెన్‌లో నవంబరు. నాలుగున్నరకే చీకటి.
ప్రయోగశాల బల్ల మీద తొమ్మిది తెరలు పరిచాను
సంతలో చేపలు పరిచినట్టు,
పెద్దవి వెనక, చిన్నవి ముందు.
మీటింగు గదిలోంచి మోసుకొచ్చిన బారెడు మానిటరు,
యెల్మెర్ కూతురి జామ్ వేళ్ళు అంటిన జానెడు టాబ్లెట్టు,
కాపలాదారు ఇచ్చిన బెత్తెడు ఫోను,
"ఆరింటికల్లా తిరిగివ్వాలి, మా ఆవిడ ఫోన్ చేస్తుంది"
అన్న షరతు మీద.

అన్నిటిలో ఒకే ప్రయోగం.
నడుమ ఒక కూడిక గుర్తు. దాన్నే చూస్తుండాలి.
తర్వాత రెండు గీతలు మెరిసి మాయమవుతాయి.
ఏది పొడుగో చెప్పాలి.
అంతే. పసిపిల్లల ఆటలా ఉంటుంది.
మూడేళ్ళ నిధులు దాని మీదే.

పెద్ద తెరలో గీత గోడకు ఆనించిన చీపురుకట్ట,
చిన్నదాంట్లో అదే గీత అగ్గిపుల్ల.
టాబ్లెట్టును అడ్డంగా తిప్పితే
రెండో గీత బల్ల కిందికి జారిపోయిందేమోనని
నిజంగానే వంగి చూశాను.
నవ్వకండి, అది ఆ రోజు పనిలో తొమ్మిదో గంట.

బ్యాంకు కార్డు తెర మీద ఆనించి
దాని అంచుల దాకా పెట్టెను లాగమంటాం.
ఎవరింట్లో ఉన్నా కార్డు కార్డే, అది మా కొలబద్ద.
ఒక కన్ను మూసుకుని
ఎర్రచుక్క ఎక్కడ మాయమైందో చెప్పమంటాం.
ప్రతి కంట్లోనూ చూపు లేని చోటు ఒకటుంది,
దాన్ని బట్టి మనిషి తెరకెంత దూరమో లెక్కకడతాం.
గుడ్డితనంతో కొలిచే దూరం!
మొదటిసారి విన్న రాత్రి
ఒక కన్ను మూసుకుని పైకప్పు చూస్తూ పడుకున్నాను.

అన్నీ సరిచేశాననుకున్నాను. పంపాం.
నూట పదకొండు మంది చుక్కలు ఒక గుంపుగా కూర్చున్నాయి.
ఒక్కటి మాత్రం పటం అంచున, విడిగా.
మొదటి తెర మీద గడిపిన సమయం: నలభై ఒక్క నిమిషాలు.
జవాబులు: సున్నా.

"తీసెయ్" అన్నాడు డాక్టర్ వీర్డా కాఫీ కలుపుకుంటూ,
"నిద్రపోయుంటాడు."
తీసేద్దామనే వేలు పెట్టాను.
తెర వెడల్పు గడిలో మూడు వందల ఇరవై అని ఉంది.
అంత ఇరుకు తెర నా తొమ్మిదింటిలో లేదు.

ఊబెలె. డెబ్బై ఆరేళ్ళు. కాలువలో పడవే ఇల్లు.
పది యూరోల కూపన్ కోసం నంబరు ఇచ్చాడు.
ఫోన్ చేస్తే ఆయన మాట వెనక
చెక్కను నీళ్ళు తడుతున్న చప్పుడు.

"చూశానమ్మాయ్. గుర్తు మీంచి చూపు తిప్పొద్దన్నారు కదా.
కళ్ళు కాయలు కాచాయి.
పక్కనించి ఏదో పడవ వెళ్ళింది,
ఎవరిదో చూద్దామనిపించింది, తిరగలేదు.
టీ చల్లారిపోయింది.
గీతలు మాత్రం రాలేదు.
వచ్చే ఉంటాయి, నా కళ్ళే పోయాయనుకున్నాను.
మీకు చెప్పడానికి సిగ్గేసింది."

పాత సామాన్ల కొట్లో అలాంటి ఫోను దొరికింది.
ఊబెలె చూసిందే నేనూ చూశాను.
"సిద్ధమైతే స్పేస్ బార్ నొక్కండి" అన్న వాక్యం
తెర కింది అంచు దాటి,
ఏ వేలూ పైకి లాగలేని చోట పడి ఉంది.
కనబడితే మాత్రం ఏం లాభం,
ఆ ఫోనుకు నొక్కడానికి బారేది?

దిద్దడానికి పట్టింది ఆరు నిమిషాలు.
ఇప్పుడు తెరను ఎక్కడ తాకినా చాలు.
ఆ వరుస తీసేయలేదు. కారణం అన్న గడిలో రాశాను:
తప్పు మాది. చూపు బాగానే ఉంది.

అందరూ వెళ్ళాక
దిద్దని పాత పేజీని మళ్ళీ తెరిచి
కూడిక గుర్తు ముందు కూర్చున్నాను.
కాసేపటికి ఫోను అంచులు కరిగాయి, బల్ల కరిగింది,
గుర్తొక్కటే మిగిలింది.

నాలుగో నిమిషంలో కిటికీ వైపు తిరిగాను.
అక్కడ పడవ కూడా ఏమీ లేదు.