వేలు పడని యంత్రం

ఆకివీడు పాతసామాన్ల కొట్లో
తుప్పు ఫ్యాన్ల పక్కన కనబడింది.
పెట్టె, తెర, కీబోర్డు కలిపి మూడువేల రెండొందలు.
"లాకుందమ్మా, తెరుచుకోదు, అందుకే ఆ ధర"
అన్నాడు మస్తాన్‌వలి, నిజాయితీగా.
పక్కన సగం చిరిగిన తెల్ల చీటీ:
టైమాఫీసు - 3.
బేరం అక్కడే ఆపేశాను.

ఆరేళ్ళు నిలబడ్డానండి ఆ చీటీ ముందు,
తెల్లారి నాలుగున్నరకి, రబ్బరు బూట్లతో, నెత్తిన గుడ్డటోపీతో.
మంచునీళ్ళలో రొయ్య తలలు తుంచీ తుంచీ
వేలి గీతలు అరిగిపోయినవాళ్ళం.
అది వేలే అడిగేది.
ప్లీజ్ ట్రై అగైన్, అనేది
ఆడగొంతుతో, ఎంతో మర్యాదగా.
చీరకి తుడిచి పెట్టేదాన్ని, నోట్లో తడిపి పెట్టేదాన్ని,
"కానీయవే సువార్తా" అని వెనక వరస గొణిగేది.
నెలాఖరుకి మూడో నాలుగో రోజులు ఎగిరిపోయేవి.
"వచ్చానండి, అవిగో నేనొలిచిన ట్రేలు" అంటే
సూపర్‌వైజరు తెర నా వైపు తిప్పేవాడు:
"నేనేం చెయ్యను, సిస్టమ్ తీసుకోలేదు."

పోయినేడు కంపెనీకి బ్యాంకోళ్ళు తాళమేశారు.
తక్కెళ్ళు, కుర్చీలు, ఏసీలు లారీలెక్కాయి.
మా నెలన్నర జీతం ఏ లారీ ఎక్కిందో.

పెట్టె ఒళ్ళో, తెర కాళ్ళ మధ్యన,
కండక్టరు దానికీ టిక్కెట్టు కొట్టాడు.

జిరాక్సు షాపు ఏబేలు, మా అక్క కొడుకు,
రాత్రి వచ్చి మరలు విప్పాడు.
లోపల బూజు, బల్లిగుడ్ల పెంకులు,
ఇంకా వదలని క్లోరిన్ వాసన.
రూపాయి బిళ్ళంత బ్యాటరీ ఊడబెరికి
"దీని జ్ఞాపకం ఇంతే పిన్నీ" అన్నాడు.
అది బల్లమీదుండగా టీ తాగాం.
తిరిగి పెడితే తాళం మాటే మర్చిపోయింది.

పెన్‌డ్రైవు గుచ్చి అన్నాడు:
"ఇక చెరువు ఎండగట్టడమే."
అది నాకు తెలుసు.
నీళ్ళు తోడెయ్యాలి, బురద నెర్రెలిచ్చేదాకా ఎండాలి,
సున్నం చల్లాలి,
పాత జబ్బు కొత్త పిల్లకి అంటకుండా.

తెర అడిగింది: మొత్తం చెరిపెయ్యమంటారా?

"ఆగరా.
నే రాలేదన్న రోజులు ఇందులోనే ఉంటాయా?"
"ఉండొచ్చు."
"మరి వచ్చిన రోజులో?"
"అవీ ఇందులోనే."
ఆరేళ్ళు నేనక్కడ ఉన్నానని చెప్పే కాగితం
నా దగ్గర ఒక్కటీ లేదు.
నన్ను లేదన్నదే
నేనున్నానని చెప్పాల్సిన సాక్షి.
"తెరిచి చూడలేమా?"
"ఆ తాళం వేరే పిన్నీ, అది నా వల్ల కాదు."

అప్పుడే కరెంటు పోయింది.
చీకట్లో ఇద్దరం ఊరుకున్నాం.
చెరువుగట్ల మీద జనరేటర్లు అందుకున్నాయి;
రొయ్యకి ఊపిరి ఆగకూడదు కదా.
ఎంతసేపు విన్నానో ఆ చప్పుడు.

కరెంటొచ్చాక మొదట్నుంచి నడిపించి
వాడు మళ్ళీ ఆ ప్రశ్న దగ్గరే ఆపి
నా మొహం చూశాడు.
"జరుగు" అన్నాను.
కుడిచేతి చూపుడు వేలు, అదే వేలు,
తుడుచుకోకుండానే నొక్కాను.
తీసుకుంది.
ఒక్కసారికే.

నీలం గీత నత్తలా పాకుతుంటే
ఎసట్లో బియ్యం పోసొచ్చాను.
అన్నం వార్చినా సగమే అయింది.
కోపం పోయిందనుకున్నాను గానీ, ఎక్కడికీ పోలేదు.
పొయ్యి దగ్గర కాసేపు ఏడుపొచ్చింది, ఎందుకో తెలీదు.

చివరికి ఖాళీ తెర పేరడిగింది.
ఏబేలు కొట్టబోతే చెయ్యి పక్కకి నెట్టాను.
సు కోసం వెతుకులాట, వా కోసం వెతుకులాట,
రవత్తుకి వాడే సాయం చేశాడు.

పొద్దున్నే కబురు పంపాను:
రాజమణికి, మంగాయమ్మకి, ఎలీసమ్మకి,
షెడ్డులో నా వరసన నిలబడ్డ అందరికీ.
ఎవరికెన్ని రోజులు పోయాయో
నోటిలెక్కన చెప్పండి, ఎక్కించుకుంటాను,
లేబరాఫీసు వాళ్ళు నమ్మినా మానినా.
వచ్చేటప్పుడు
చేతులు తుడుచుకోనక్కర్లేదని కూడా చెప్పాను.