ఫలకం వెనకవైపు

సోమవారం. శ్రీకాకుళం కలెక్టరాఫీసు గోడవార
గొడుగు కింద నా బల్ల.
కాగితాల మీద బరువుకి నాగావళి గులకరాయి.
అర్జీకి ముప్పై, కార్బన్ కాపీకి ఐదు.
బెండి తవిటయ్య దగ్గర
మా నాన్న తీసుకోలేదు, నేనూ వద్దంటాను.
అయినా ప్రతిసారీ
రాయి కింద ముప్పయ్యైదూ పెట్టేసి పోతాడు.

ఇది పంతొమ్మిదో అర్జీ.
మొదటిది మా నాన్న చేతిరాత.
'తగు చర్య నిమిత్తం' అని ముద్ర గుద్ది
ప్రతి ఆఫీసూ పక్క ఆఫీసుకి తోలింది,
చేలో పడ్డ పరాయి గేదెని
పొలిమేర దాటించినట్టు.
డిశ్చార్జి బుక్కు
తిత్లీ తుఫాను నాడు పైకప్పుతో పాటే ఎగిరిపోయింది.

గుమస్తా అడిగాడట:
"యుద్ధంలో చచ్చిపోయావా?"
"నేదు బాబూ."
"అయితే ఈ జాబితాలోకి రావు. తుపాకీ పేల్చావా?"
"నేదు. కచ్చర్లని తోలీవోణ్ణి."
"అయితే ఆ జాబితాలోకీ రావు."

మంచు అంటే మాకు
పుష్యమాసంలో మినపచేల మీద పడేది,
ఎనిమిదింటికల్లా ఎండకి జడిసి పోయేది.
ఆయన చెప్పే మంచు వేరు.
అది పోదు. మనుషులే పోతారు.
కిరసనాయిలు, గోధుమపిండి, ఉత్తరాల సంచి
కంచరగాడిదల వీపున పైకెక్కేవి.
దిగేటప్పుడు అదే వీపున
దుప్పట్లో చుట్టిన కుర్రాళ్లు.
ఒక్కోసారి
ఉత్తరం ఇంకా పైకి పోతూ ఉండగానే
అందుకోవలసినవాడు మలుపులో ఎదురొచ్చేవాడు.

సవర సుంకయ్య మూడు కాలివేళ్లు అక్కడే ఉండిపోయాయి.
లుకలాపు రామ్మూర్తికి చెవులు పోయాయి.
తర్వాత ముప్పై ఏళ్లు
నరసన్నపేట సినిమాహాల్లో టార్చిలైటు పట్టాడు,
ఒక్క పాటా వినకుండా.
షేక్ మదార్ చెక్కుచెదరకుండా తిరిగొచ్చి
ఆరునెలలకి విషజ్వరంతో పోయాడు.

"ఈసారేటి తాతా? పింఛనా, స్థలమా?"
"రెండూ ఒద్దు. రాయి."

వాళ్లూరి మలుపులో ఒక శిలాఫలకం ఉంది,
బోరుబావి ప్రారంభోత్సవానిది.
బంగారురంగులో పదకొండు పేర్లు.
బోరు రెండు వేసవులు నీళ్లిచ్చింది.

"ఎనకపక్క కాళీగా ఉన్నాది కదా బాబూ.
ముందుపక్క ఆళ్లనే ఉండనీ.
నాలుగు పేర్లు. చెక్కుడు కూలి నాను ఇచ్చుకుంతాను."

ఏ చట్టం కింద రాయను?
రాతి వీపు ఏ శాఖకి చెందుతుంది?
రాశాను: 'సదరు ఫలకము యొక్క వెనుకభాగము
నిరుపయోగముగా ఉన్నందున...'

సుంకయ్య. రామ్మూర్తి. మదార్.
నాలుగోది నాకు తెలుసు కనక
అడక్కుండానే 'బెండి' అని మొదలెట్టాను.
చెయ్యి పట్టుకున్నాడు.

"మోతీ. గిట్ట మీద నంబరు కూడా రాసీ."
అంకెలన్నీ గడగడా చెప్పాడు,
తన ఫోను నంబరు
జేబులో చీటీ చూసి చెప్పే మనిషి.

"కంచరగాడిద పేరు పెడితే నవ్వుతారు తాతా.
అయినా ఐదవుతాయి కదా?"
"నాలుగే. నాది తీసీ."

సిరా ఆరేదాకా ఊదాడు,
వేడి అంబలి ఊదినట్టు.
రాయి కింద డబ్బులు పెట్టి లేచాడు.

జవాబు రాలేదు.
మొన్న టెక్కలి పోతూ ఆ మలుపులో బస్సు దిగాను.
ముందుపక్క బంగారం వెలిసి
మంత్రిగారి ఇంటిపేరు సగమే మిగిలింది.
వెనక పిడకలు.
ఆయన ఇంటామె నీలవేణమ్మ రోజూ అక్కడే కొడుతుందట.
ప్రతి పిడక మీదా ఆమె వేళ్ల అచ్చు.
నడిమధ్య మాత్రం
ఎవరో కడిగి ఉంచినట్టు నల్లటి రాయి.

నాలుగు పేర్లకి ఒగ్గేసిన జాగా అనుకున్నాను.
పేరుకి బెత్తెడు చొప్పున కొలిచాను.
ఐదు.