పదమూడు చుట్లు

తెల్లారగట్ల మూడున్నరకు
రోడ్డు మీద నేనూ, కుక్కలూ, పాల ఆటో.
ఇనుపమూత లేపి గుంతల కడ్డీ దించి
ఎడమకు పదమూడు చుట్లు తిప్పుత.
పన్నెండోదానికి భూమి గొంతుల గురక మొదలైతది.
గఫార్‌ఖాన్ గల్లీకి నల్లా వస్తుందని
మనుషుల కంటె ముందు బకెట్లకు తెలుస్తది.

ఆ మంగళారం
గురకతో పాటు వాసనొచ్చింది.
మోరీదా, తోలు గోదాముదా
అంత సోయి లేదు. వచ్చింది, గంతే.
ముక్కుకు తువాల అడ్డం పెట్టుకొని
పదమూడోది గూడ తిప్పిన.
ఆపితే ఆరుగొట్టక ముందే ఫోన్లు, బూతులు:
"దినం తప్పి దినం ఇడుస్తవ్, గదీ బంద్ జేస్తవా?"

శుక్రారానికి ఇంటికొకరు వాంతులు.
దవాఖానల మంచానికి ఇద్దరు.
ఐతారం పొద్దుగాల
జులేఖబీ మనుమరాలు ముబీనా
"దాదీ, నీళ్ళు" అన్నదట.
ఇచ్చిందట.
ఏ నీళ్ళో వేరే చెప్పాల్నా?

అప్పుడొచ్చినయి జీపులు.
కేబుల్ తవ్వెటోళ్ళు పైపు పగలగొట్టిన్రని ఇంజినీరు.
ఆ పైపు మా తాత కంటె ముసలిది,
ముట్టుకుంటే రాలుతదని కేబులోడు.
మ్యాన్‌హోల్ మీద ఎవడో మెట్లు కట్టిండని
మోరీల సూపర్‌వైజరు.
మెట్లోడు పట్టా కాగితం తెచ్చి చూపెట్టిండు.
"మోటర్లు పెట్టి గుంజుతున్నరు,
నీళ్ళు లేనప్పుడు మురికి రాక ఏమొస్తది?"
అన్నరెవరో వెనుక నుంచి.
నలభై ఇండ్లు, ముప్పయ్యారు మోటర్లు.
గల్లీ అంత ఒక్కసారి చెప్పులు చూసుకుంది.

ల్యాబు పిల్లగాడు గాజుగొట్టంల చుక్కలేసిండు.
పసుపు రంగు రావాలట. రాలే.
కాగితం మీద 'బాధ్యులు' అని ఒక గడి.
అండ్ల 'విచారణలో ఉన్నది' అని రాసిన్రు.
దస్తూరి మంచిగుంది.

నన్నెవరూ అడగలే.
ఔట్‌సోర్సింగోన్ని, నా పేరు ఏ గడిల పడుతది?

నలభై దినాలకు జులేఖబీ ఇంటికి పోయిన.
ఏడుస్తదనుకున్న, తిడుతదనుకున్న.
చాయ్ ఇచ్చింది.
"పదకొండేండ్ల సంది ఇడుస్తున్నవ్ కదా సాంబన్నా,
మా ఇంట్ల చాయ్ తాగినవ్, రంజాన్‌కు సేమియా తిన్నవ్.
నీళ్ళు మాత్రం ఎన్నడు తాగలే."

నా సంచిల సీసా.
ఇరవై రూపాయల డబ్బా నుంచి
మా ఇంటామె నింపిచ్చింది.
ఆమె చూపు దాని మీదనే ఉంది.
మూత గట్టిగనే ఉన్నా
ఇంకోసారి బిగించిన.

ఇయ్యాల మళ్ళ మూడున్నర.
పన్నెండు తిప్పి
మోకాళ్ళ మీద కూసొని గుంతల తలకాయ పెట్టిన.
మట్టి వాసన. తుప్పు వాసన.
ఇంకేమన్న ఉందా అంటే
ఉన్నట్టే ఉంది, లేనట్టే ఉంది.
గల్లీల బకెట్లు మోగుతున్నయి.
ఎడమకు ఇంకొక్కటే ఉంది.