ఐదు

ఇనారి అడవిలో పదిహేడో పెట్టె.
ఇల్మి నిచ్చెనెక్కి
ఊపిరి బిగబట్టి మూత తీస్తుంది.

ఐదే గుడ్లు. నీలంగా.
పోయినేడు ఏడు.

బిర్చి చెట్లు ఈసారి తొందరపడ్డాయి.
ఆకుపురుగులు ముందే పుట్టి, ముందే బలిసి
దారాలు పట్టుకుని మట్టిలోకి దిగిపోయాయి.
ఆఫ్రికా నుంచి ఈగపిట్ట మాత్రం
పాత లెక్కనే నమ్ముకుని వచ్చింది.

పైగా ఆ వాసన.
మంచు వదిలిన నాచు మీద
రాత్రి వీజిల్ తిరిగిన జాడ
ఇల్మి ముక్కుకి అందదు.
పిట్టకి అందింది.
మిగతా రెండూ ఒంట్లోనే ఆపుకుందో,
వదులుకుందో.

నోట్‌బుక్‌లో గడి చిన్నది.
అంకె వేశాక పెన్సిల్ కదలదు.
పెట్టని గుడ్లకి గడి గీయలేదెవరూ.

మూత మెల్లగా వేసి
కిందికి దిగుతూ
ఇల్మి
తన అరచేతిని వాసన చూసుకుంటుంది.