ఆరు తరగతులు

కొరుక్కుపేట రైల్వే గేటు పడినప్పుడల్లా
మా క్లినిక్‌కి ఇద్దరు ముగ్గురు ఎక్కువ వస్తారు,
ఎలాగూ ఆగాం కదా, చూపించుకుని పోదామని.

డాక్టర్ యాళిని అద్దం పెట్టి చూస్తుంది, చెబుతుంది.
నేను రాస్తాను.
"నలభై ఆరు, క్లాస్ టూ."
"ఇరవై ఒకటి, క్లాస్ త్రీ."
ఎందుకు పుచ్చిందో రాయక్కర్లేదు.
ఎక్కడ పుచ్చిందో రాస్తే చాలు.
నూరేళ్ళ కిందట ఎవరో డాక్టరు
నోళ్ళలో చీకటినంతా చోటును బట్టి విడదీసి
అయిదు తరగతులు చేశాడట.
ఆరోది ఆయన తరవాతివాళ్ళు కలిపారు.

నేను చదివింది తొమ్మిది.
ఇక్కడ ఆరుతో సరి.
బస్సులో ఎదురు సీటు మనిషి ఆవులిస్తే
దిగేలోపు తరగతి చెప్పేస్తాను.

మొదటిది ఎవరికైనా కనిపిస్తుంది.
నమిలే చోట, దవడ పన్ను నెత్తిన, సన్నటి చాళ్ళలో.
జీళ్ళు తినే పిల్లలు
దాన్ని నోరంతా తెరిచి మరీ చూపిస్తారు.

అయిదోది చిగురు పక్కన.
లేతాకుకీ పంటి మొదలుకీ ఒకే మాట పెట్టినవాళ్ళు
కాశిమేడు కూలీల కింది పెదవి లాగి చూసుండరు.
మూటలు మోసే మునిరత్నం
పొగాకు ఉండ ఎక్కడ దాస్తాడో
గోరంత గుంట నాకు చెప్పేసింది.
వాళ్ళావిడ పక్కనే ఉంది.
నేను తలెత్తకుండా రాసుకున్నాను.

ఆరోది మొనల మీద.
దర్జీ కుప్పయ్య ముప్పై ఏళ్ళు దారం కొరికిన చోట
ముందు పంటి అంచున ఓ నొక్కు.
సూది బెజ్జంలా ఉందయ్యా అంటే నవ్వాడు.
నవ్వితే ఇంకా బాగా కనబడింది.

రీచార్జి కొట్టు అమ్మాయి వసుమతి
నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడేది.
రెండు ముందు పళ్ళు ఆనుకునే చోట నల్లటి గీత: మూడు.
"వచ్చే నెల" అంది.
ఎనిమిది నెలలకి వచ్చింది.
గీత మూలదాకా పాకి
ఆ మూల ఇడ్లీ కొరికితే విరిగిందట.
మూడు నాలుగయింది.
బళ్ళో అయితే పై తరగతికి వెళ్ళిందని
చాక్లెట్లు పంచుతారు.

దేశమ్మ చేపల బుట్ట మెట్ల మీద దించి వస్తుంది,
చెంప పట్టుకుని "పన్ను, పన్ను" అంటూ.
కొత్త కాంపౌండరుకి అరవం తప్ప రాదు.
వాడి చెవికి అది "చెయ్యి, చెయ్యి" అన్నట్టు.
"ఏం చెయ్యమంటావ్ ఆయా?" అంటాడు.
కార్పొరేషన్ మేస్త్రీ విన్నా ఇంటి పన్నే అనుకుంటాడు.
"ఏదైనా కట్టాల్సిందే గదమ్మా" అంటుంది నాతో,
కొంగు ముడిలోంచి తడి నోట్లు తీస్తూ.

రెండోది వేరు.
రెండు దవడ పళ్ళ నడుమ,
ఒకదాని భుజం ఇంకోదానికి ఆనిన చోట.
పైనుంచి చూస్తే తెల్లగా, బుద్ధిగా ఉంటాయి.
ఎక్స్‌రే తీస్తే గానీ బయటపడదు.
లేదంటే నాలుక్కి తెలుస్తుంది,
పీచు ఇరుక్కున్న చోటికి
రాత్రంతా పోయి వస్తుంటుంది గనక.

నిన్న ఆఖరి పేషెంట్ రాలేదు.
యాళిని కుర్చీ చూపించి "నువ్వు కూర్చో" అంది.
"ఎడమవైపు నమలడం మానేశావు, చూస్తూనే ఉన్నా."

"ముప్పై ఆరు. క్లాస్ టూ. లోతుగా పోయింది."
రాసేవాళ్ళు లేరు.
నోట్లో దూది, మెడలో నీలం కాగితం,
ఒళ్ళో చార్టు పెట్టుకుని నేనే రాశాను.
రెండు అంకె వంకర పోయింది.
పంటి బిగువున అంటారే,
ఆ పన్ను ఇదే.

"ఎన్నాళ్ళ నుంచి?"

ఎక్కడ అన్నదానికి చార్టులో గడి ఉంది.
ఎన్నాళ్ళు అన్నదానికి లేదు.
దూది అడ్డం ఉందన్నట్టు తల ఊపాను.
బయట గేటు లేచింది.
బళ్ళన్నీ ఒక్కసారి హారన్లు కొట్టాయి.