సెకనుకి రెండు చుక్కలు

కొళత్తూరు నించి పుత్తూరు మీదుగా
నా ఒళ్లో కూర్చునే వచ్చింది సంచి.
లోపల మెత్తటి పగడం
నగరి గతుకుల దగ్గరే పిడికిలి బిగించింది.

బైరాగిపట్టెడలో కరెంటు లేదు.
సెల్‌ఫోన్ వెలుగులో సంచిని తొట్టిలో తేలేసి
ఒంటివేడి తగ్గాక
నర్సు సలోమి ఇచ్చిన సెలైన్ గొట్టం కట్టాను.
సెకనుకి రెండు చుక్కలు.

ఇంటామె మొగిలమ్మ సముద్రం ఎరగదు.
తొట్టిలో వేలు ముంచి నాలుకకి రాసుకుంది.
"ఊరగాయ జాడీ మాదిరి ఉండాదే!"
పీట లాక్కుని
చుక్కలు లెక్కపెడతా కూర్చుంది.
మూడొందల దగ్గర కునుకు.
ఆ తర్వాతి చుక్కలకి లెక్క లేదు.

సంచి నీళ్లు తూములో పోసి
పగడాన్ని రాతికి ఆనించాను.
నీలం లైటు సగమే.

తెల్లారింది. ఒక్క వేలూ విచ్చుకోలేదు.
అద్దం మీద తట్టబోతే
మొగిలమ్మ చెయ్యి పట్టుకుంది:
"ఉండబ్బా.
అది ఇంగా బస్సు దిగలే."