పన్ను ఎటు వాలింది

కొండల మీది పైన్ అడవి నుంచి
పార్సిల్లో వచ్చాయి నలభై సీసాలు,
మూత తీస్తే సారా కొట్టు వాసన.
కాకినాడ కాలేజీ లాబులో
ఫ్యాను ఆపేసి కూచున్నాను.
రెక్క ఎగిరిపోతే మళ్ళీ దొరకదు.

రంపపు ఈగలు. నిజానికి ఈగలు కావు,
కందిరీగకు చుట్టాలు, ఆ సన్నని నడుం లేనివి.
పిల్లలు గొంగళిపురుగుల్లా ఉంటాయి, అవీ కావు,
పొట్ట కింద దొంగకాళ్ళు లెక్కపెడితే తెలుస్తుంది.
ఈ బల్ల మీద ఎవరి పరిచయమైనా
'కాదు'తోనే మొదలు.

రంగు చూసి చెప్పకూడదు.
సారాలో మూడు నెలలుంటే రంగు మాట మారుస్తుంది.
చూడాల్సింది ఆడదాని తోక కింద,
సూదాకును చీల్చి గుడ్డు దాచే రంపం,
కనురెప్ప వెంట్రుకంత.

మా నాన్న తాళ్ళరేవులో, పడవలు కట్టేచోట,
రంపాలకు ఆకురాయి పట్టేవాడు.
కోసిన పలక మీద బొటనవేలు రాసి
"ఇది సూరప్పడి కోత, ఇది పోలయ్యది" అనేవాడు.
ఇద్దరివీ ఒకే కొట్లో కొన్న రంపాలు.
"ఇనుములో ఏముందే తాయారూ,
పన్ను ఎటు వాలిందో చూడు."

చూస్తున్నాను నాన్నా.
ఏడో సీసా: పది పళ్ళు, పిడి వైపు వాలి.
పన్నెండో సీసా: పదే, కానీ నిటారు.
పంతొమ్మిదో సీసా
నాలుగో పన్ను దాకా ఏడులా,
ఆపైన పన్నెండులా.
అద్దం ఎంత తిప్పినా అంతే. టీ మీద మీగడ కట్టింది.

"ఎన్ని జాతులు తేలాయమ్మా?" ఫోన్లో మేడం.
రెండున్నర, అన్నాను.
ఆవిడ నవ్వలేదు.

ఆదివారం ఓడలరేవు వెళ్ళాను, మేనత్త ఇంటికి.
సముద్రం ఒడ్డున సరుగుడు తోట,
ఫోటోలు తీసుకునేవాళ్ళు అచ్చం పైన్ అడవే అంటున్నారు.
ఈ ఈగను తెచ్చి వదిలితే
ఆకలితో చస్తుంది గానీ మోసపోదు.
ఒక పోచ తెంపి అతుకు దగ్గర విరిచాను.
మనం ఆకనుకునేది కొమ్మట,
అతుకు చుట్టూ గోటికైనా అందని పళ్ళు,
అవీ అసలు ఆకులు.
ఏడున్నాయి. మరో అతుకులో ఎనిమిది.
అత్త పిలుస్తోంది, పులుసు చల్లారుతోందని.

సోమవారం పంతొమ్మిదో సీసాకి చీటీ రాశాను:
పోలిక, ఇద్దరితో.
తేడా, నాలుగో పన్ను తర్వాత.
పేరు
అని రాసి, పక్కన ఖాళీ వదిలి,
మూత బిగించి
ఫ్యాను వేసుకున్నాను.